నీలం టేపు వరస

గౌతమి మైక్రోస్కోపు మీంచి తలెత్తి, కళ్ళద్దాలు తీసి చున్నీతో తుడుచుకుని, మళ్ళీ వంగింది. ఆ ఉదయం అలా వంగడం పదోసారో పదకొండోసారో.

నూకరత్నం గుమ్మం దగ్గర పీటేసుకుని సీసాలు కడుగుతోంది. ఇరవై నాలుగు తెల్ల ఎలుకలు, ఇరవై నాలుగు సీసాలు. ఒక్కో సీసా మూతికీ ఉక్కు గొట్టం, గొట్టం చివర మిరియపు గింజంత గుండు. బోర్లించి పంజరానికి తగిలిస్తే ఎలుక వచ్చి నాలికతో ఆ గుండుని నెడుతుంది, చుక్క నీళ్ళు దిగుతాయి. ఈ ఎలుకలకి జరిగే మర్యాద తన పెళ్ళిలో పెళ్ళికొడుక్కి కూడా జరగలేదని నూకరత్నం ఊళ్ళో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది. విశాఖపట్నం నించి బస్సెక్కి వచ్చాయి. ఫ్యాను కింద పడుకుంటాయి. తూచి పెట్టిన మేత తింటాయి. అవి వేసిన పెంటికల్ని డబ్బీల్లోకి ఏరి, పైన అంకె అతికించి దాచడానికి ఓ మనిషి. ఆ మనిషి తనే.

వడ్డాది రోడ్డులో ఖాళీగా పడున్న బెల్లం గోదాము అది, ఇప్పుడు గౌతమి పరిశోధన గది. గోడలకి ఇంకా పాకం వాసన పోలేదు. చీమలు తాతల నాటి ఆస్తి అన్నట్టు తిరుగుతుంటే, పంజరాల బల్లల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టారు. ఎడమ పక్క బల్ల మీద పన్నెండు పంజరాలకి ఎర్ర టేపు. వాటికి బోరు నీళ్ళు. కుడి పక్క పన్నెండింటికి నీలం టేపు. వాటికి గెడ్డవీధి నూతి నీళ్ళు. చుట్టుపక్కల చెరుకు తోటల్లో కొట్టిన మందులన్నీ వానకి కొట్టుకుపోయి గెడ్డ వాగులోకి, వాగులోంచి ఆ నూతిలోకి ఊరతాయి. కార్తీక పున్నమికి రెండు రోజుల ముందు రెండు వరసలకీ గౌతమి సూదితో కడుపు పురుగుల పిల్లల్ని ఎక్కించింది.

"పిన్నీ, పదకొండో నెంబరు డబ్బీ నిన్నటిదేనా?"

"నిన్న సాయంత్రం నాచేత్తో ఏరినియ్యే గౌతమమ్మా. ఏటి, తేడాగున్నాయేటి?"

"తేడా లేదు. అదే బాధ." గౌతమి కుర్చీ వెనక్కి జరిపింది. "ఒక్క గుడ్డు లేదు. పన్నెండో నెంబర్లో లేదు, ఐదులో లేదు. ఆరోగ్యంగా ఉన్న ఎలుక పన్నెండు రోజుల్లో పురుగుల్ని తనే బయటికి తోసేస్తుంది పిన్నీ. మందు నీళ్ళు తాగిన ఎలుకకి ఆ శక్తి చచ్చిపోతుంది, తొయ్యలేదు, పెంటికల నిండా గుడ్లు కనపడతాయి. అదీ నేననుకున్నది. ఇక్కడ చూస్తే రెండు వరసలూ ఒకేలా తోసేశాయి. అంటే మీ నూతి నీళ్ళలో ఏమీ లేనట్టే."

నూకరత్నం చేతిలో బ్రష్షు సీసాలోనే ఆగిపోయింది.

ఆ నీళ్ళు నీలం వరస తాగి ఇరవై రెండు రోజులైంది. ఆ సంగతి తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. నాగులచవితి నాడు పుట్టలో పాలు పోసి, తడి జుట్టుతో తిన్నగా గోదాముకి వచ్చింది. పాముకి పాలు పోసిన చేత్తో ఎలుకకి మందు నీళ్ళు పొయ్యడానికి చెయ్యి రాలేదు. అప్పటికే నీలం వరస బొచ్చు నూనె లేని జుట్టులా రేగిపోయి ఉంది. ఐదో నెంబరుది ఊచలు పట్టుకుని నిలబడి, మూతి కదుపుతూ, తనకేసే చూస్తోంది. ఈ ఒక్క రోజూ అనుకుంది. నూతి నీళ్ళ డబ్బా గోదాము వెనక పారబోసి బోరు నీళ్ళు నింపింది. గోడ మీది కాగితంలో ఎప్పట్లాగే పన్నెండు గీతలు పెట్టింది. నూకరత్నానికి అంకెలు వచ్చు, అక్షరాలు రావు, గీతలు మాత్రం అచ్చేసినట్టు పెడుతుంది. మర్నాడు కార్తీక సోమవారం. ఆపైన మరో మంచిరోజు. కార్తీకం నెల పొడుగునా ఏదో ఒక మంచిరోజే కదా. ఈ నెలలో నోరులేని జీవానికి చేతులారా చెడ్డ నీళ్ళు పోస్తే వచ్చే జన్మలో ఏ పంజరంలో పుడతామో అనుకుంది. రోజుకి పన్నెండు చొప్పున, అన్నీ అబద్ధపు గీతలే.

"మంచి వార్తే కదా పిన్నీ? మొహం అలా పెట్టావేంటి?"

"ఏటీ నేదమ్మా. సబ్బు కంట్లో పడింది."

అప్పుడే గుమ్మంలో మోటారు సైకిలు ఆగింది. ఎరువుల కొట్టు గణపతిరావు, గోదాము ఆయనదే. చేతిలో కొత్త బెల్లం కుంద, గుండ్రటి దిమ్మ. పొయ్యి మీంచి దించి ఇంకా రెండు పూటలైనా అయినట్టు లేదు, వాసన ముందు లోపలికొచ్చింది, ఆయన తరవాత వచ్చాడు.

"ఏటమ్మా, మా ఊరి నీళ్ళకి ఎన్ని మార్కులొచ్చేయి? పేసా, పెయిలా?"

గౌతమి నవ్వి చెప్పింది.  గణపతిరావు మేత బస్తా మీద కూలబడి, భుజం మీది తువ్వాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

"ముప్పై ఏళ్ళమ్మా," అన్నాడు. "ఆ గెడ్డ ఒడ్డున చెరుకులో పడ్డ ప్రతి మందు సుక్కా నా కొట్లోంచి ఎల్లిందే. ఈదిలో ఎవుడికి కడుపు నొప్పొచ్చినా నా పేరే తలుసుకుంటన్నాడేమో అని బయిం. నీ ఎలకలు సల్లగుండ, ఇయ్యాల నా గుండె దిగింది." లేచి కుంద బల్ల మీద పెట్టాడు. "ఒసే రత్నం, ఆటికి కూడా తలో ముక్కా పెట్టవే."

"ఎలకలికి బెల్లం పెట్టకూడదు బాబూ. గోడ మీద రాసేసేరు."

"ఓలమ్మ, ఒక్క ముక్కకి ఏటైపోద్దే!"

నూకరత్నం నవ్వబోయింది. నవ్వు సగంలో ఎండిపోయింది.

"మరి మా ఈదోళ్ళు పెట్టుకున్న కుళాయి లైను కాగితం ఏటవుద్దమ్మా?" అని గౌతమిని అడిగింది, సీసా కేసి చూస్తూ.

"నీళ్ళ ఆఫీసులో ఈ ఫలితం కోసమే ఆగారు పిన్నీ. నీళ్ళు చెడ్డవని తేలితే లైను ముందు మీ వీధికి. బాగుంటే ఇంకో ఊరికి ఇస్తారు. గురువారం మీ పాలకేంద్రం దగ్గర అందరికీ చెప్పేసి, కాగితం పంపించేస్తా."

*

సాయంత్రం నూతి దగ్గర అచ్చియ్యమ్మ చేద లాగుతోంది. ఆమె చేద లాగితే గిలక గెడ్డవీధి చివరిదాకా వినపడుతుంది. ఆమె నోరు చీడికాడ దాకా వినపడుతుందని నూకరత్నం మొగుడు బంగార్రాజు అంటాడు. నిరుడు ఎండల్లో జ్వరంతో ఇల్లిల్లూ తిరిగి, కుళాయి కాగితం మీద సంతకాలూ వేలిముద్రలూ వేయించింది ఆవిడే.

"ఏటే అప్పా, నీ దొర ఎలకలు ఏటన్నాయి?"

"లచ్చివారం సెప్తారంట."

"నీకు తెలీకుండానేటి! ఆటి ఉచ్చా దొడ్డీ ఎత్తుతన్నావు, ఆ మాత్రం నీ సెవిలో ఎయ్యవా?" అచ్చియ్యమ్మ బిందెలో నీళ్ళు వంచి, నడుం మీద చెయ్యి వేసి నిలబడింది. "నాకు ఎలకలు సెప్పాలేటి? ఆరు నెల్లకోసారి పురుగుల మాతర్లు ఏస్తన్నారు. ఏసినప్పుడు బాగుంటాది. రెండు నెల్లు తిరక్కుండా మళ్ళీ కడుపుబ్బరం, మళ్ళీ తిన్నది ఒంటికి పట్టదు. మిగతా ఈదుల్లో ఒక్క మాతరకే పోతన్నాయంట. మన ఈదోళ్ళ కడుపుల్లోనే ఆటికి సత్రం కట్టేరా? నీ మొగుడు సూడు, బెల్లం గెరిటిలాగ అయిపోనాడు."

"అది బీడీలు కాల్చి."

"బీడీలంట! కుళాయి రానియ్, నీ మొగుడు మూడు నెల్లలో పోతు దున్నలాగ అవుతాడు. అప్పుడు నువ్వు పట్టలేవు."

అక్కడున్న నలుగురూ నవ్వారు. నూకరత్నం చేద అందుకుని నూతిలోకి వదిలింది. ఇంటికొక బిందె, గోదాముకొక డబ్బా. రెండూ రోజూ ఒకే చేదతో తోడుతుంది. డబ్బా నిండాక మూత బిగించి, పైకెత్తబోతే బరువు తెలిసింది. ఇన్నాళ్ళూ పారబొయ్యడానికి మోసింది కాబట్టి తెలియలేదేమో.

"సెయ్యి పట్టేదా అప్పా?" అచ్చియ్యమ్మ వంగి డబ్బా ఎత్తి నూకరత్నం చేతికిచ్చింది. "జాగర్త. మన కుళాయి అందులోనే ఉంది."

*

మంగళవారం గౌతమి రాదు. నూకరత్నం తాళం తీసి, లోపల గడియ పెట్టుకుంది. ఆ గదిలో దొంగతనం చెయ్యడానికి ఏముందని గడియ పెట్టుకుందో ఆమెకే తెలియదు.

నూతి డబ్బా మూత తీసింది. గరాటు పెట్టి మొదటి సీసాలో పోసింది. నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉన్నాయి. కాస్త మురిగిన చెరుకు పిప్పి వాసన, అంతే. పన్నెండు సీసాలూ నింపింది. కుడి పక్క బల్ల దగ్గరకి వెళ్ళి ఒక్కొక్కటే బోర్లించి తగిలించింది.

ఐదో నెంబరుది అలవాటుగా లేచి వచ్చింది. ఇప్పుడు దాని బొచ్చు నిగనిగలాడుతోంది. గొట్టం వాసన చూసింది, వెనక్కి తగ్గింది, మీసాలు దువ్వుకుంది. మళ్ళీ వచ్చి తాగింది. గొట్టంలో గుండు టిక్ టిక్ మంది. పక్క పంజరంలో మరొకటి, ఆ పక్క ఇంకొకటి. పన్నెండు గుండ్లు పన్నెండు గడియారాల్లా మొదలెట్టాయి.

"తాగండమ్మా, తాగండి," అంది నూకరత్నం. "రెండు రోజులు. ఒక్క గుడ్డు ఎయ్యండి సాలు, మీకు దణ్ణం పెడతాను."

కాగితం మీద గీతలు పెట్టింది. ఇరవై మూడు రోజుల తరవాత అవి నిజం గీతలు. అయినా పెన్సిలు సరిగ్గా సాగలేదు.

మధ్యాహ్నం పెంటికలు ఏరి, వెలుతురుకి పట్టి చూసింది. నల్ల మినుముల్లా ఉన్నాయి. గుడ్లు కళ్ళకి కనపడవని తెలుసు. అయినా వేలితో చిదిమి చూసింది. బోరు దగ్గర సబ్బుతో చెయ్యి కడుక్కుంది, మళ్ళీ కడుక్కుంది.

చీకటి పడకముందే గానుగ పాకకి నడిచింది. బంగార్రాజు పెద్ద పెనం పక్కన నిలబడి, ఉడుకుతున్న చెరుకు రసం మీద మడ్డి తేరుస్తున్నాడు. చిల్లుల గరిటెతో నురుగు తీసి పక్కన కుండలో విదిలిస్తూ, పొయ్యిలో పిప్పి ఎగదోస్తున్న వాడికి కథ చెబుతున్నాడు. ఒకప్పుడు చిరతపులి వచ్చి ఇదే పెనంలో మూతి పెట్టిందట. మీసాలు పాకంలో అంటుకుపోయి, నోరు తెరవలేక, గర్జిద్దామంటే ఊఁ ఊఁ అంటూ చీడికాడ కొండెక్కిందట. ఆ పులి ఇప్పటికీ మేకని చూస్తే ముద్దు పెట్టుకోవడమే తప్ప కొరకలేదట.

"ఓ మావా. ఇలా రా."

పాక వెనక చెరుకు ఆకు పోగు దగ్గర నిలబెట్టి చెప్పింది. నాగులచవితి నించి మొదలెట్టి పొద్దుటి టిక్ టిక్ దాకా. బంగార్రాజు కళ్ళు పెద్దవి చేసుకుని విన్నాడు. విని పకపకా నవ్వాడు.

"ఓసినీ! ఎలకలికి కార్తీకం సేయించేవా? ఉపాసాలు కూడా పెట్టేవేటి?"

"నవ్వకు. కుళాయి పోతంది. నా మూలంగా."

"ఎలకల సంగతి నాకు సెప్తావేటే? మా తాత కాలంలో ఒక పందికొక్కు ఉండేది. దేవరాపల్లిలో అది చెరుకు గెడ పట్టుకుని లాగితే చోడవరంలో తోట కదిలేది." ఆమె మొహం చూసి ఆగాడు. గరిటె చివర పాకం తీగలా సాగి నేల మీద పడుతోంది. "సరే. ఎవురికీ సెప్పకు. నాను సూసుకుంటాను."

"ఏటి సూసుకుంటావు?"

"సూసుకుంటానంతే. నువ్వు ఇంటికెల్లి అన్నం ఒండు."

*

బుధవారం గౌతమి ఆటో దిగుతూనే నవ్వుతోంది. సంచీ బల్ల మీద పడేసి, కుర్చీలో కూర్చుని కూడా నవ్వుతోంది.

"పిన్నీ, టీ కొట్టు దగ్గర మీ ఆయన ఏం చెబుతున్నారో తెలుసా? నువ్వు ఈ ఎలుకలకి నెల రోజులుగా నూతి నీళ్ళు మానిపించి బోరు నీళ్ళు పోస్తున్నావట. అవి బలిసిపోయి, ఇప్పుడు నూతి నీళ్ళు చూపిస్తే మూతి తిప్పుకుంటున్నాయట. ఐదో నెంబరుదైతే ఐసు ముక్క వెయ్యమని సైగ చేసిందట! కొట్టు కొట్టంతా పడిపడి నవ్వుతున్నారు. టీ పోసేవాడు గ్లాసులు ఒలకబోసేశాడు."

నూకరత్నం పీట మీద కూర్చునే ఉంది. ఇదా సూసుకోవడం. తన పెనిమిటి నోట్లోంచి వచ్చాక ఈ ఊళ్ళో ఏ సంగతైనా మూతి అంటుకుపోయిన పులే. ఇంక ఎవరూ నమ్మరు. తను కూడా నవ్వేస్తే సరిపోతుంది. ఆయనకేం పని లేదమ్మా అంటే సరిపోతుంది. మాట నాలిక చివరిదాకా వచ్చింది.

గౌతమి నిన్నటి డబ్బీ తెరిచి, అద్దం పలక మీద చుక్క వేసి, వంగి చూసింది. "సున్నా," అంది. కాగితం మీద రాసుకుంది. ఇంకో డబ్బీ తెరిచింది. "సున్నా. బుజ్జి తల్లులు, నా మూడేళ్ళ చదువుని మాత్రం ఉతికేశాయి." ఆ మాట కూడా నవ్వుతూనే అంది, కానీ కలం కింద పెట్టి రెండు కళ్ళూ వేళ్ళతో నొక్కుకుంది.

"ఆడు సెప్పినయ్యన్నీ అబద్దాలే గౌతమమ్మా," అంది నూకరత్నం.

"తెలుసులే పిన్నీ."

"బోరు నీళ్ళ ముక్క తప్ప."

 గౌతమి కళ్ళ మీంచి చెయ్యి దించింది.

"ఏంటి?"

"నాగులచవితి నించి మొన్న సోమారం దాకా బోరు నీళ్ళే పోసేను. పోసే సెయ్యి రాలేదమ్మా. అయి నాకేసి సూస్తన్నాయి."

గౌతమి లేచి గోడ దగ్గరకి వెళ్ళింది. గీతల కాగితం మీద వేలు పెట్టి, ఒక్కో రోజూ కిందికి జరుపుతూ వచ్చింది. "ఇవన్నీ?"

"అబద్దమే."

"నిన్నటివి?"

"అయి నిజమే. నిన్న నూతియ్యే పోసేను."

"నిన్నెందుకు పోశావు?"

నూకరత్నం కొంగు చివర వేలికి చుట్టుకుంది. "మళ్ళీ జబ్బు సేస్తాదేమో అని. గుడ్లు ఎడతాయేమో అని."

"ఒకసారి తోసేసిన పురుగులు మళ్ళీ రావు. నిన్న వాటికి ఊరికే పోశావు." గౌతమి గొంతు పెద్దది కాలేదు. అరిస్తే బాగుండునని నూకరత్నానికి అనిపించింది. "ఈ ఎలుకలు ఇంక దేనికీ పనికిరావు పిన్నీ. మంచికీ చెడుకీ ఏ లెక్కలోకీ రావు. వీటిని తీసుకుపోవాలి."

నూకరత్నం ఐదో నెంబరు పంజరం కేసి చూసింది.

"రేపు నీ పేరు చెప్పను," అంది గౌతమి చివరికి, సంచీ జిప్పు పెడుతూ. "లెక్కలో పొరపాటు వచ్చింది, ఇంకా ఏమీ తేలలేదు అంటాను. తాళం చెవి బల్ల మీద పెట్టి వెళ్ళు."

ఇంటి దగ్గర బంగార్రాజు కంచం ముందు కూర్చుని ఆమె కోసం ఎదురు చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"ఎందుకు సెప్పేవు మావా?"

"నా నోటమ్మట వచ్చింది ఎవుడు నమ్ముతాడే ఎర్రిదానా? ఇంక రేపు ఎవుడన్నా నిజంగా సెప్పినా అది నా కతే అంటారు. నీకింక బయిం నేదు." అతను చాలా గొప్ప పని చేసినట్టు గ్లాసు ఖాళీ చేసి ముందుకి జరిపాడు. నూకరత్నం చెంబు వంచి మళ్ళీ నింపింది.

*

గురువారం పాలకేంద్రం అరుగు నిండిపోయింది. పాలు పోసి వచ్చిన ఆడవాళ్ళు ఖాళీ క్యాన్ల మీదే కూర్చున్నారు. గౌతమి నిలబడి చెప్పింది. లెక్కలో పొరపాటు జరిగింది. నీళ్ళు మంచివో చెడ్డవో ఇంకా చెప్పలేము. కొత్త ఎలుకలతో మళ్ళీ మొదలెట్టాలి.

"పొరపాటంటే ఏటమ్మా?" గణపతిరావు లేచాడు. మొన్నటి తేలిక ఆయన మొహంలో లేదు. "సోమారం నాడు నాతో బాగున్నాయన్నావు. మూడ్రోజుల్లో ఎలకలు మాట మార్చేసేయా?" అచ్చియ్యమ్మ కేసి తిరిగాడు. "కుళాయి కావాలనోళ్ళు ఈయమ్మ సెవిలో ఏటన్నా ఊదేరా? ఆ ఎలకల గదికి నిన్న ఎవురెల్లేరో నాకు తెల్దేటి?"

"నానేటి ఊదేను!" అచ్చియ్యమ్మ క్యాను మీంచి లేచిపోయింది. "ఆ గుమ్మం కూడా తొక్కనేదు నాను! నీ మందు డబ్బాలు అమ్ముడుపోవాలని—"

"అయితే మొన్న బాగున్నయ్యి ఇయ్యాల ఎలగ పాడయ్యేయి? సెప్పు!"

నాలుగు గొంతులు ఆయన వైపు, నాలుగు ఈమె వైపు లేచాయి. వెనక నించి ఎవరో "ఏలిముద్రలు ఏయించినప్పుడే అనుకున్నాం" అన్నారు. అచ్చియ్యమ్మ ఆ మాట అన్నది ఎవరా అని చూస్తోంది. ఎప్పుడూ తడుముకోని మనిషి, మాట దొరక్క నోరు తెరిచి ఉంది.

నూకరత్నం స్తంభం పక్కనించి ముందుకొచ్చింది. "అచ్చియ్యమ్మ కాదు. నాను."

అరుగంతా గొల్లుమంది. "ఐసు ముక్క అడిగిందా పిన్నీ?" అని ఎవరో అరిచారు. బంగార్రాజు ఆ అదను కోసమే చూస్తున్నట్టు లేచాడు. "ఐసొక్కటేటి, నిమ్మకాయ కూడా పిండమంది! ఇంతకీ ఆ ఐదో నెంబరుది—"

"నువ్వు కూకో," అంది నూకరత్నం. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని కథ మధ్యలో ఎప్పుడూ అడ్డం రాలేదు. అతను కూర్చున్నాడు.

"కత కాదు. నిజం. ఈ నూతి నీళ్ళు ఎలకలికి పోస్తానని ఒప్పుకుని పొయ్యలేదు. పారబోసేను. బోరు నీళ్ళు పోసేను. అందుకే బాగున్నాయి. గీతలు మాత్రం పెట్టేను. గౌతమమ్మకి తెల్దు. అచ్చియ్యమ్మకి తెల్దు. జాలేసి పోసేను."

నవ్వు అక్కడొకటీ ఇక్కడొకటీ మిగిలి, అదీ ఆగింది. గణపతిరావు తువ్వాలు భుజం మీదికి తీసుకున్నాడు. "అయితే నా సంగతి ఇంకా తేలలేదన్నమాట," అని తనలో తను అనుకున్నట్టు అని, మెట్లు దిగిపోయాడు.

అచ్చియ్యమ్మ దగ్గరకొచ్చింది. తిడుతుందనుకున్నారందరూ. నూకరత్నం కూడా అందుకే నిలబడింది.

"ఇరవై రోజులు ఆటికి పొయ్యలేదు," అంది అచ్చియ్యమ్మ, మెల్లగా. "ఆ ఇరవై రోజులూ నా పక్కన నిలబడి నీళ్ళు తోడేవు. ఒక్కరోజు నా సెయ్యి పట్టుకుని, తోడొద్దే అననేదు. నీ మొగుడికి కూడా అననేదు. ఎలకపాటి సెయ్యనేదా మేము?"

 ఆ మాట ఇంతవరకూ నూకరత్నానికి తట్టనే లేదు. తెల్ల బొచ్చు రేగిపోతే కనపడింది. పంజరం ఉంది కాబట్టి కనపడింది.

గౌతమి కొత్త ఎలుకల గురించి చెప్పింది. నలభై రోజులు. నీళ్ళు పొయ్యడానికి కొత్త మనిషి కావాలి. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "మావల్ల కాదమ్మా, తెలిసి తెలిసి ఎవురు పోస్తారు," అన్నారు.

"అదే పోస్తాది," అంది అచ్చియ్యమ్మ, నూకరత్నం కేసి చెయ్యి చూపించి. "గీతలు నాను పెడతాను."

*

కొత్త ఎలుకలు మార్గశిరం మొదట్లో దిగాయి. పాతవాటిని అంతకుముందు రోజే అట్టపెట్టెల్లో పెట్టి బస్సు ఎక్కించారు. పంజరాలు కడిగి, టేపులు కొత్తవి అతికించింది గౌతమి. ఎర్రవి ఎడమ పక్క, నీలంవి కుడి పక్క.

పొద్దున్న ఎనిమిదింటికి అచ్చియ్యమ్మ వచ్చి గుమ్మం దగ్గర పీట మీద కూర్చుంటుంది. చెవి మీద పెన్సిలు. మొదటి రెండు రోజులూ నూతి దగ్గర నించే డబ్బా వెనకాల నడిచి వచ్చింది. మూడో రోజు నించి గోదాము దగ్గరే కూర్చుంటోంది. నూకరత్నంతో పనికి కావలసిన మాటే తప్ప మాట లేదు. అంత నోరూ ఎక్కడ పెట్టుకుందో మరి.

"ఒకటి," అంది నూకరత్నం. సీసా పైకెత్తి చూపించి బోర్లించింది.

అచ్చియ్యమ్మ గీత పెట్టింది.

"రెండు."

గీత.

వారం తిరిగింది. నీలం వరసలో ఏడో నెంబరుది బక్కది. మిగతావాటి కంటే ముందే దాని బొచ్చు వీపు మీద విడిపోతోంది. నూకరత్నం దాని పంజరం దగ్గరకి వచ్చేసరికి అది ఊచలు పట్టుకుని నిలబడింది. ఆమె మొహం తిప్పుకోలేదు. తిప్పుకుంటే అచ్చియ్యమ్మ చూస్తుంది. సీసా తగిలించి, అది వచ్చి గొట్టం నాకేదాకా, గుండు టిక్ మనేదాకా నిలబడి చూసింది.

"ఏడు."

గీత.

పన్నెండూ అయ్యాక గరాటు కడిగి బోర్లించింది. చలికాలమైనా ఆ వేళ ఎండ ఎక్కువగా ఉంది. రేకుల కింద గోదాము గానుగ పాకలా ఉడుకుతోంది. అచ్చియ్యమ్మ కొంగుతో విసురుకుంటూ, ఎండిన పెదాలు తడుపుకుంటూ, "దాహమేస్తంది," అంది. వారం రోజుల్లో పనికి సంబంధం లేని మాట అదే.

నూకరత్నం గబగబా స్టీలు గ్లాసు తీసి, ఎర్ర టేపు డబ్బాలోంచి చల్లటి బోరు నీళ్ళు నిండా వంచి తెచ్చింది. రెండు చేతులతో పట్టుకుని అందించింది.

అచ్చియ్యమ్మ గ్లాసు అందుకుంది. పెదాల దాకా తీసుకెళ్ళింది. అక్కడ ఆగి, గ్లాసులోకి చూసింది. బల్ల కింద పక్కపక్కనే ఉన్న రెండు డబ్బాల కేసి చూసింది.

"ఏ డబ్బాలోయి?"

"బోరువే. ఒట్టు. బోరువే అచ్చియ్యమ్మా."

అచ్చియ్యమ్మ ఇంకాసేపు చూసి, గ్లాసు ఒలక్కుండా పీట పక్కన పెట్టింది. పెన్సిలు చెవి మీద పెట్టుకుని లేచింది.

"ఉండనీ. ఇంటికాడ బిందెలోయి తాగుతాన్లే," అంది.